ఏటి ఒడ్డు ఊళ్ల చరిత్ర: అపోహలు, వాస్తవాలు

గోదావరి, కృష్ణా ఒడ్డు ఊళ్లలో పెద్దల జ్ఞాపకాలు, పాత కాగితాలు, ఫొటోలు సేకరించి భద్రపరచడం నా పని. ఏ ఊరు వెళ్లినా ఆదరించేవారికి కొదవ ఉండదు. కానీ కొన్ని అపోహలు మాత్రం ప్రతిచోటా ఎదురవుతాయి. మెట్ట ఊళ్లలో కంటే ఏటి ఒడ్డు ఊళ్లలో వాటివల్ల జరిగే నష్టం ఎక్కువ. ఇక్కడ నేలే నిలకడగా ఉండదు. పాత రేవు మేట కింద పూడిపోతుంది, లంక కోతకు గురై ఏట్లో కలుస్తుంది, వరద తర్వాత ఊరే మరోచోటికి తరలుతుంది. చూపించడానికి కట్టడం మిగలని చోట మనిషి మాటే ఆధారం. అయితే ఎవరు చెప్పారు, వారికెలా తెలుసు, ఏ చోటు గురించి, ఏ కాలం గురించి అన్న నాలుగు వివరాలు పక్కన లేకపోతే ఆ మాట రెండో తరానికే పుక్కిటి పురాణమైపోతుంది.

అపోహ: మా ఊళ్లో కోట లేదు, శాసనం లేదు. ఇక చరిత్ర ఏముంటుంది?

పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలోనే మామూలు ఊళ్ల వివరాలు రాయించిన సంప్రదాయం మనకు ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, ఆయన తర్వాత తమ్ముడు లక్ష్మయ్య, వారి సహాయకులు కరణాల దండకవిలెల (ఊరి సంగతులు, లెక్కలు రాసిన పాత పుస్తకాల) నుంచీ పెద్దల నోటి నుంచీ సేకరించిన స్థానిక వృత్తాంతాలే కైఫీయత్తులు. తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు రాయించారు. ఊరి పొలిమేరలు, చెరువులు, గుళ్లు, మాన్యాలు, ఎవరి హయాంలో ఏం జరిగిందన్న సంగతులు వాటిలో ఉంటాయి. మీ ఊరికి కైఫీయత్తు ఉందేమో ముందు వెతకండి. లేకపోయినా పాత ఇనాం (మాన్యం భూముల) రిజిస్టర్లు, సెటిల్మెంటు (భూమి శిస్తు నిర్ణయించిన) రిజిస్టర్లు, గ్రామ పటాలు ఉంటాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు లెక్కలు ప్రభుత్వానికి అప్పగించినా, కొన్ని ఇళ్ల అటకల మీద సొంత నకళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అడిగితేనే బయటికొస్తాయి.

వీటన్నింటికంటే నాకు విలువైనవిగా కనిపించేవి ఏ రిజిస్టరుకూ ఎక్కని సంగతులు. బల్లకట్టు వేలంపాట ఎవరు పాడుకునేవారు, కలప తెప్పలు ఎక్కడ కట్టేవారు, వరద నీరు మొదట ఏ వీధిలోకి వచ్చేది, ఏ పాయ ఎప్పుడు పూడింది? 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టా రూపాన్నే మార్చిందని పాఠ్యపుస్తకం చెబుతుంది. కాలువ వచ్చాక తమ ఊరి దారి ఎటు మళ్లిందో ఆ ఊరివాళ్లే చెప్పాలి.

అపోహ: పెద్దవాళ్లు తేదీలు తప్పు చెబుతారు, కాబట్టి వారి మాట పనికిరాదు.

నన్ను ఎక్కువగా బాధించే మాట ఇదే. ఎనభై ఏళ్ల తాతగారిని ‘ఏ సంవత్సరం?’ అని అడగడంలోనే పొరపాటు ఉంది. ఆయన కాలాన్ని వరదలతో, పుష్కరాలతో, పెళ్లిళ్లతో కొలుచుకున్నారు. మనం ఆ కొలతను పట్టుకోవాలి. గోదావరి పుష్కరాలు 1991, 2003, 2015లో వచ్చాయి. కృష్ణా పుష్కరాలు 1992, 2004, 2016లో. ‘అది పుష్కరాలకు ముందా, తర్వాతా? అప్పటికి మీ పెద్దమ్మాయి పుట్టిందా?’ అని అడిగితే రెండు మూడేళ్ల తేడాలోకి వచ్చేస్తాం.

గోదావరి ఒడ్డున 1953 వరద, 1986 వరద ఒకదానిలో ఒకటి కలిసిపోవడం తరచూ చూస్తాను. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది; ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. అధికారిక లెక్క ఇంతవరకే చెబుతుంది. నీరు మీ ఊరి బడిలో ఎన్నో మెట్టు దాకా వచ్చింది, గొడ్లను ఎటు తోలారు, రెండు రోజులు ఎవరి డాబా మీద వంట చేశారు అన్నవి మనుషులకే తెలుసు. రెండూ పక్కపక్కన పెడితేనే చరిత్ర అవుతుంది. చెప్పినవారు గోడ మీద నీటి ఆనవాలు చూపిస్తే వెంటనే ఫొటో తీసి, నేల నుంచి దాని ఎత్తు కొలిచి రాసుకోండి. సున్నం వేసేదాకా ఆగవద్దు.

తెలుగు సంవత్సరం పేరు చెబితే జాగ్రత్త అవసరం. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19 పింగళ నామ సంవత్సరంలోనిది. కానీ అరవయ్యేళ్ల ముందు, 1917లోనూ పింగళే. తాత విన్న కథ, మనవడు చూసిన సంఘటన ఒకే పేరు కింద కలిసిపోవడానికి ఇది చాలు. అందుకే ‘చూశారా, విన్నారా?’ అన్న ప్రశ్న ప్రతి సంఘటనకూ విడిగా వేయాలి.

అపోహ: ఊరి పెద్దను అడిగితే అంతా తెలుస్తుంది.

ఆయన వీధి సంగతి తెలుస్తుంది. పడవ నడిపినవారిని, వల వేసినవారిని, చాకిరేవులో బతికినవారిని, లంకల్లో కూలికి వెళ్లినవారిని కలవకుండా ఏటి గురించి రాయడం అన్యాయం. కోడళ్లుగా వచ్చిన ఆడవాళ్లు రెండు ఊళ్లను పోల్చి చెప్పగలరు. పుట్టి పెరిగినవారి కంటికి ఆనని తేడాలు వారికి గుర్తుంటాయి. వారిని ఇంట్లో మగవాళ్లు లేని సమయంలో, వీలైతే మరో మహిళ చేత మాట్లాడించండి. రెండు కథనాలు పొసగకపోతే రెండూ ఉంచండి. సరిదిద్ది ఒకటి చేయవద్దు.

రికార్డు చేసే ముందు అనుమతి అడగడం మర్యాద మాత్రమే అనుకుంటారు. అది అంతకన్నా పెద్ద బాధ్యత. భూమి తగాదాలు, కులాల మధ్య జరిగిన అవమానాలు బయటికి వచ్చినప్పుడు ‘ఈ భాగం నేను బతికుండగా వినిపించవద్దు’ అంటే ఆ మాట రాసిపెట్టుకుని పాటించాలి.

అపోహ: వాట్సాప్ గ్రూపులో పెట్టాం, ఇక భద్రమే.

మామూలుగా పంపిన ఫొటోను వాట్సాప్ కుదించేస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న వివరాలు వందల శుభోదయాల కింద కూరుకుపోతాయి. పాత ఫొటోలను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయించి, అందులోని మనుషుల పేర్లు ఎడమ నుంచి కుడికి వరుసగా రాయండి. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి తప్పనిసరిగా వరద చేరని ఊళ్లో ఉండాలి. ఏటి ఒడ్డు వారికి ఈ చివరి షరతు ప్రాణప్రదం.

అపోహ: లామినేషన్ చేయిస్తే కాగితం శాశ్వతం.

వేడి, జిగురు కలిసి కాగితాన్ని పాడుచేస్తాయి, దాన్ని మళ్లీ విడదీయలేం. ఆమ్ల రహిత కాగితపు కవరు చాలు. వరదలో తడిసిన ఫొటోలు ఒకదానికొకటి అంటుకుంటే లాగవద్దు. శుభ్రమైన చల్లటి నీటిలో ఉంచి నెమ్మదిగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. రెండు రోజుల్లోపు ఆ పని కుదరకపోతే పాలిథిన్ కవర్లో పెట్టి ఫ్రీజర్లో ఉంచండి, లేకపోతే బూజు పట్టేస్తుంది. శాసనం అక్షరాలకు రంగు పూయడం, యాసిడ్‌తో కడగడం కూడా చేయకూడదు. పక్క నుంచి వెలుతురు పడేలా చూసి ఫొటో తీస్తే చాలు.

అపోహ: మునిగిన ఊరికి ఇక చేసేదేమీ లేదు.

నాగార్జునసాగర్ నీరు నిండకముందు, 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిపి ముఖ్య కట్టడాలను కొండ మీదికి, ఒడ్డుకు తరలించారు. శ్రీశైలం జలాశయం వల్ల కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి చేరింది. రాళ్లను అలా తరలించగలిగాం. వీధులను, ఇరుగుపొరుగును తరలించలేం, కానీ గీయగలం. పునరావాస కాలనీలో ఉన్న పదిమంది పాత ఊరివారిని ఒకచోట కూర్చోబెట్టి, పెద్ద కాగితం మీద ముందు ఏటిని, తర్వాత రేవును, రావిచెట్టును, ఆపై ఇంటింటినీ గీయించండి. ఒకరు మరిచింది మరొకరు అందిస్తారు, వాదనలు కూడా వస్తాయి. అవన్నీ రికార్డు చేయండి. పోలవరం ముంపు గ్రామాల నుంచి వచ్చినవారితో ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాలి. పాత ఊరి దారులు నడిచి తెలిసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు.