తారీఖులను రుమాలు మీద పరిచి వెతుకుడు

బిడ్డా,

అక్క లగ్గానికి ఫంక్షన్ హాల్ వెతుకుతుంటే, ఖాళీగ ఉన్న హాల్‌ను కూడా కంప్యూటర్ "బుక్ అయింది" అని ఎందుకు చూపిస్తదని అడిగినవు. తప్పు లెక్కలో లేదు, తారీఖులను దాచిపెట్టిన తీరులో ఉంది.

ఒక హాల్‌కు రెండు బుకింగులు ఉన్నయనుకో. ఏడాదిలో 40వ రోజు నుంచి 45 దాకా ఒకటి, 60 నుంచి 63 దాకా ఇంకొకటి. మనకు కావాల్సింది 50 నుంచి 52. ఒక బుకింగు మనకు అడ్డం రావాలంటే అది 52లోపు మొదలు కావాలె, 50కి ముందే ముగిసిపోవద్దు. ఈ సూత్రం సరైనదే. అయితే సెర్చ్ ఇంజిన్‌లో మొదళ్లన్నీ ఒక ఫీల్డ్‌లో (40, 60), ముగింపులన్నీ ఇంకో ఫీల్డ్‌లో, అంటే ఇంకో అరలో, (45, 63) పడేస్తే ఏ మొదలు ఏ ముగింపుదో పోతది. 40 మొదటి షరతుకు సరిపోతది, 63 రెండో షరతుకు సరిపోతది. ఇద్దరి బుకింగులు కలిసి, ఎవ్వరూ చేయని మూడో బుకింగు పుడతది.

పుట్టపాకల నేసే తేలియా రుమాలు చూసినవు కదా. నలుచదరం బట్ట. పడుగు, పేక రెండిటినీ ముందే ముడులు కట్టి అద్దుతరు. నేసేటప్పుడు ఈ నిలువు పోగు ఆ అడ్డ పోగును సరిగ్గా ఎక్కడ కలవాలెనో అక్కడే కలవాలె, లేకుంటే పువ్వు చెదురుతది. (ఆ నూలును ఆముదపు కాయల బూడిదతో, నూనెతో నానబెట్టే పని వేరే ఉంది, అది ఇంకోసారి రాస్త.) బుకింగును గూడ అట్లనే పెట్టాలె. మొదలు రోజు పడుగులో ఎడమ నుంచి ఎన్నో పోగో చూడు, ముగింపు రోజు పేకలో కింది నుంచి ఎన్నో పోగో చూడు. రెండూ కలిసిన కాడ ఒక చుక్క. మొదటి బుకింగు 40, 45 కాడ ఒకే చుక్క, రెండోది 60, 63 కాడ. ఇక విడిపోవు.

ఇప్పుడు ప్రశ్న బట్టలో ఒక దీర్ఘచతురస్రపు ముక్క అయితది. పడుగులో 0 నుంచి 52, పేకలో 50 నుంచి 365. మొదటి చుక్క ముక్కకు కింద ఉంటది, రెండోది కుడి పక్కకు పోతది. ముక్కలో ఏమీ లేదు, హాల్ ఖాళీ! లూసీన్ అనే వెతుకుడు పనిముట్టు మీద కట్టిన సెర్చ్ ఇంజిన్ సోలర్. దాని 4వ వెర్షన్‌లో దీన్ని "ఇంటర్‌సెక్ట్స్(0 50 52 365)" అని అడిగేటోళ్లు, అంటే ఈ ముక్కలో ఏ చుక్కన్నా పడుతదా అని. ఖాళీ హాళ్లే కావాలంటే ముందు మైనస్ గుర్తు పెట్టాలె. ఊర్ల మ్యాపుల కోసం చేసిన ఈ పనిముట్టు తారీఖులకు పనికొచ్చుడు నాకు ఎప్పుడూ ముచ్చటే.

ఇంజిన్ లోపల ఆ రుమాలును నాలుగు మడతలు పెడతది, ఒక్కో పావును మళ్లీ నాలుగు. ప్రతి మడతకు ఒక అక్షరం. చుక్క చిరునామా అక్షరాల వరుస అయిపోతది, అంటే ఒక పదం. పదాలు వెతుకుడు దానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఒక పావు మొత్తం మన ముక్కలో పడితే దాన్ని విప్పనే విప్పదు, ఆ అక్షరాలతో మొదలయ్యేవన్నీ తీసుకుంటది.

చెడిపోయేది సెట్టింగుల కాడ. "జియో"ను ఫాల్స్ చెయ్యాలె. లేకుంటే అది భూగోళమనుకుంటది, అక్షాంశం 90 దాటదు కాబట్టి 91వ రోజుకే తిరగబడతది. "వరల్డ్ బౌండ్స్" అంటే బట్ట హద్దులు, సోలర్ 4లో వాటిని 0 0 365 365 అని రాసేటోళ్లు. చుక్క రాసేటప్పుడు అంకెల మధ్య ఖాళీ వదలాలె, కామా పెట్టొద్దు. "డిస్ట్ ఎర్ పర్సెంట్", అంటే ముక్క అంచులో ఎంత తేడాను ఒప్పుకోవాలెనో చెప్పేది, సున్నా. మామూలుగా అది 0.025 ఉంటది, అట్ల వదిలేస్తే ముక్క పెద్దదైన కొద్దీ దాని అంచు రోజుల లెక్కన జరుగుతది.

ఒకరు పొద్దున ఖాళీ చేస్తే అదే రోజు ఇంకొకరు దిగొచ్చు అనుకుంటే, అంచులను అర రోజు లోపలికి జరపాలె: 0 50.5 51.5 365. ఈ అర రోజు నిలవాలంటే మడత సన్నగ ఉండాలె. 365ను 9 సార్లు సగం చేస్తే, చివరి మడతల మిగిలే గడి 0.71 రోజు. చుక్క, అంచు రెండూ ఒకే గడిలో పడొచ్చు. 12 సార్లు చేస్తే 0.09, అది చాలు. గడి ఎంత సన్నగ ఉండాలెనో చెప్పే "మ్యాక్స్ డిస్ట్ ఎర్" 0.1 పెడితే అంత సన్నగ మడుస్తది.

డిసెంబర్ 30న మొదలై జనవరి 2న ముగిసే లగ్గాన్ని 364, 2 అని రాయొద్దు. ఒక పాత తారీఖు పట్టుకుని అక్కడి నుంచి రోజులు లెక్కపెట్టి, బట్టను అంత పెద్దది చేసుకోవాలె. 2015లో సోలర్ 5.0తో వచ్చిన "డేట్ రేంజ్ ఫీల్డ్" ఉంటే ఈ లెక్కలన్నీ అదే చూసుకుంటది. లోపల ఉన్నది ఇసొంటి మడతలే.

ఒక గ్రాఫ్ కాగితం తీసుకుని, హాల్ వాళ్ల డైరీలో ఉన్న బుకింగులన్నిటికీ చుక్కలు పెట్టు. ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు ఒక గీత గియ్యి. ఏ చుక్కన్నా ఆ గీతకు కింద పడితే, ఆ బుకింగు మొదలు కాకముందే ముగిసిందన్నట్టు. డైరీ రాసినాయనను అడుగు.

మీ తాత
నల్లగొండ