గ్లూటెన్ లేని వంట: గోధుమ మానేస్తే సరిపోదు

సీలియాక్ అంటే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు. అది ఉన్నవాళ్లు గ్లూటెన్ ఉండే గోధుమ, బార్లీ, రై (ఆవాలు కాదు, గోధుమలాంటి ధాన్యం), వీటితో చేసినవన్నీ జీవితాంతం మానాలి. చెప్పడానికి ఇంతే. హైదరాబాద్‌లో ఇది తప్పేది కళ్లముందున్న చపాతీ దగ్గర కాదు, గిర్నీ దగ్గర, ఇంగువ డబ్బా దగ్గర, జల్లెడ దగ్గర.

అపోహ: ఇది ఉత్తరాది వాళ్ల జబ్బు.

దక్షిణాదిలో తక్కువన్నది నిజమే. కానీ దీనికి అవసరమైన హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 జన్యువులు మనవాళ్లలోనూ ఉన్నాయి. షుగర్ భయంతో రాత్రి అన్నం మాని చపాతీకి మారిన ఇళ్లు ఇక్కడ ఎన్నో. ఈ జబ్బు ఎప్పుడూ విరేచనాలతోనే బయటపడదు. ఐరన్ మాత్రలకు లొంగని రక్తహీనత, ఎత్తు పెరగని పిల్లలు, చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారడం కూడా దీని గుర్తులు కావచ్చు. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లలో మరింత ఎక్కువ.

అపోహ: గోధుమ మానేసి చూద్దాం, తగ్గితే అదే.

పరీక్షకు ముందు మానకండి. టీటీజీ-ఐజీఏ అనే యాంటీబాడీల రక్తపరీక్ష (దాంతోపాటు మొత్తం ఐజీఏ), ఎండోస్కోపీలో చిన్నపేగు నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ, ఈ రెండూ గోధుమ తింటున్నప్పుడే సరైన ఫలితం ఇస్తాయి. ఇప్పటికే మానేసినవాళ్లు డాక్టరు పర్యవేక్షణలో కొన్ని వారాలు మళ్లీ తిని పరీక్ష చేయించుకోవాల్సి వస్తుంది. ఆ బాధ ఎందుకు?

అపోహ: జొన్న రొట్టెకు మారితే చాలు.

జొన్న, రాగి, సజ్జ, కొర్ర, సామ, వీటిలో గ్లూటెన్ లేదు. చిక్కంతా మరతో. గిర్నీలో మీ ముందువాళ్లు గోధుమలు ఆడించుకుంటే రాళ్ల మధ్య, గుడ్డ సంచిలో మిగిలిన పిండి మీ జొన్నపిండిలో కలుస్తుంది. ముందు కాస్త బియ్యం ఆడించి మర శుభ్రమైందనుకోవడం నమ్మదగ్గ పద్ధతి కాదు. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ చాలు, కొన్ని నెలల్లో పేగు దెబ్బతింటుంది. అంటే ఒక చపాతీలో సుమారు యాభయ్యో వంతు. అందుకే ఇంటి మిక్సీలోనో, గోధుమ ఎన్నడూ వేయని చిన్న మరలోనో ఆడించుకోండి. ఆడించే ముందు గింజలు ఏరండి, జొన్నల్లో గోధుమ గింజలు తరచూ కనిపిస్తాయి. శనగపిండికీ ఇదే జాగ్రత్త. ప్యాకెట్ కొంటే గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉండాలి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం అందులో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. మల్టీగ్రెయిన్ ఆటా, రాగి బిస్కెట్ అన్న పేర్లు చూసి మోసపోకండి, చాలావాటిలో మొదటి పదార్థం గోధుమో మైదానో అయి ఉంటుంది.

ఇక ఇంగువ. బజారులో దొరికే పొడి ఇంగువలో ఎక్కువ రకాలకు గోధుమపిండో మైదానో కలుపుతారు. పులిహోర, చారు, సాంబారు పొడి, ఆవకాయ, అన్నిట్లోకీ అది చేరుతుంది. బియ్యప్పిండితో చేసినదని లేబుల్ మీద ఉన్నదే కొనండి.

అపోహ: హోటల్లో బిర్యానీ అయితే భయం లేదు.

బిర్యానీలో గోధుమ పడదు గానీ, దమ్ కోసం మూత చుట్టూ పెట్టేది గోధుమపిండి ముద్దే. మూత తీసేటప్పుడు ముక్కలు లోపల పడతాయి. చికెన్ 65 పూతలో మైదా, సోయా సాస్‌లో గోధుమ ఉండటం మామూలే. హలీంలో ఎటూ గోధుమే ఉంది. మైదా పునుగులు వేగిన నూనెలోనే మిరపకాయ బజ్జీ వేస్తే అదీ పనికిరాదు. వేడికి గ్లూటెన్ పోదు.

అపోహ: మైదా బదులు అంతే బియ్యప్పిండి వేస్తే బ్రెడ్ వస్తుంది.

రాదు, ఇటుక వస్తుంది. గాలిని పట్టి ఉంచే జిగురు అందులో లేదు. ఆ పని ఇసబ్‌గోల్ పొట్టు చేస్తుంది (మెడికల్ షాపులో దొరికేదే, కానీ చక్కెర, రుచి కలపనిది అడగండి). ఒక లోఫ్‌కు బియ్యప్పిండి 150 గ్రాములు, జొన్నపిండి 100, తెల్లటి కార్న్‌ఫ్లోర్ 150. పసుపు రంగు మొక్కజొన్న పిండి వేరు, అది వద్దు. ఇసబ్‌గోల్ పొట్టు 25 గ్రాములు, నీళ్లు 450 మిల్లీలీటర్లు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 7, చక్కెర 20, ఉప్పు 8, నూనె 20 గ్రాములు.

ముందు పొట్టును 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి జెల్ అయ్యేదాకా ఆగండి. మిగతా గోరువెచ్చటి నీళ్లలో చక్కెర, ఈస్ట్ కరిగించి, అన్నీ కలపండి. ముద్ద అంటుకుంటూ ఉంటుంది, చూసి కంగారుపడి పిండి చల్లొద్దు. టిన్‌లోనే ఒక్కసారి పొంగనివ్వాలి. మన ఎండాకాలంలో అరగంటకే అంచుదాకా వస్తుంది, అప్పుడే ఓవెన్‌లో పెట్టండి. ఇంకా ఆగితే కాలేటప్పుడు నడుమ కూలిపోతుంది. 200 డిగ్రీల్లో 55 నుంచి 60 నిమిషాలు, లోపల 97 డిగ్రీలు రావాలి. రెండు గంటలు చల్లారాకే కోయండి. వేడిగా కోస్తే లోపల బంకగా ఉంటుంది, ఉడకలేదనుకుని మళ్లీ కాల్చి ఎండగొడతారు.

అపోహ: పాత్రలు కడిగితే చాలు.

స్టీలుకు చాలు. చపాతీ కర్ర, పీట, గీతలు పడ్డ నాన్‌స్టిక్, టోస్టర్, అన్నిటికన్నా ముందు జల్లెడ, ఇవి విడిగా ఉండాలి. జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న పిండి ఎంత కడిగినా పూర్తిగా పోదు.

బేకరీలో గ్లూటెన్ ఫ్రీ కేక్ అన్నా ఇవే అడగాలి: అదే గదిలో మైదా జల్లిస్తారా, అదే మిక్సర్ వాడతారా, టిన్‌కు మైదా రాస్తారా? గాలిలో లేచిన మైదా గంటల తరబడి ఉండి అన్నిటి మీదా వాలుతుంది. మొదటిదానికి అవునంటే మిగతావి అడగక్కర్లేదు.