బ్లాకుల ప్రహరీ అంచనా: అపోహలు – వాస్తవాలు

విశాఖలో ప్రహరీ కట్టించాలనుకునేవాళ్లు మొదట అడిగేది "బ్లాకు ఎంత పడుతోంది?" అని. ఆ ఒక్క రేటు పట్టుకుని వేసిన అంచనా పని సగంలోకి రాకముందే తప్పుతుంది. ఇక్కడ ఒకే గోడ తీసుకుని లెక్క చూద్దాం. పొడవు 100 అడుగులు, ప్లింత్ బీమ్ (గోడను మోసే అడుగు కాంక్రీటు దూలం) మీద ఎత్తు 5 అడుగులు. 16×8×6 అంగుళాల సాలిడ్ కాంక్రీటు బ్లాకులు, 9×9 అంగుళాల పిల్లర్లు 11, వాటి మధ్య పది ఖానాలు.

అపోహ: పొడవును ఎత్తుతో గుణించి, చదరపు అడుగుకి ఒకటీ పాతిక బ్లాకు వేసుకుంటే సరి.

ఆ లెక్కన 625 బ్లాకులు తెప్పించాలి. బ్లాకు సైజుతో సరిగ్గా భాగించినా 563 వస్తాయి. రెండూ ఎక్కువే. ఎందుకంటే పిల్లర్లు ఆక్రమించే ఎనిమిదింపావు అడుగుల పొడవు ఇందులో తీసేయలేదు, బ్లాకుల మధ్య సిమెంటు మాలు పట్టే 10 మిల్లీమీటర్ల జాయింట్లూ లెక్కలోకి రాలేదు.

గోడను వరసల్లో లెక్కపెట్టండి. ఖానా లోపలి వెడల్పు సుమారు 9 అడుగుల 2 అంగుళాలు, అంటే వరసకి 7 బ్లాకులు. ముక్కలు కొట్టినా, మిగిలిన ముక్క పై వరసలో పనికొస్తుంది. ఎత్తులో జాయింటుతో కలిపి వరసకి 21 సెంటీమీటర్లు. ఏడు వరసలకి 147 సెంటీమీటర్లు, అంటే 4 అడుగుల 10 అంగుళాలు. పైన రెండంగుళాల కోపింగ్ (గోడ తలమీద వేసే పట్టీ) వేస్తే ఐదడుగులు సరిగ్గా దిగుతుంది. 10 × 7 × 7 = 490. దించేటప్పుడు విరిగేవాటికి ఐదు శాతం కలిపితే 515.

ఒక మెలిక ఉంది. కాంక్రీటు బ్లాకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2185 ప్రకారం 400×200 అనే నామమాత్రపు సైజులో జాయింటు కూడా కలిసే ఉంటుంది, అసలు బ్లాకు 390×190 మిల్లీమీటర్లే. మన చుట్టుపక్కల అచ్చుల్లో కొన్ని నిండు సైజువి, కొన్ని తగ్గినవి. తగ్గిన బ్లాకుతో ఏడు వరసలు వేస్తే గోడ 4 అడుగుల 7 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. అప్పుడు మేస్త్రీ జాయింట్లు లావు చేసి ఎత్తు సరిపెడతాడు, మాలు తినేస్తుంది. అడ్వాన్సు ఇచ్చే ముందు పది బ్లాకులు వరసగా పేర్చి టేపు పెట్టండి. నాలుగు మీటర్లు వచ్చిందా, 3.9 వచ్చిందా అన్నది అక్కడే తేలిపోతుంది.

అపోహ: సిమెంటంతా గోడ కట్టుబడికే పోతుంది.

ఈ గోడలో బ్లాకులు అతకడానికి 1:6 మాలులో (ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్ల ఇసుక), వృథాతో కలిపి, మూడు బస్తాల సిమెంటు, 22 ఘనపుటడుగుల ఇసుక చాలు. రెండు వైపులా 12 మిల్లీమీటర్ల ప్లాస్టరింగ్ 1:5లో చేస్తే మరో ఎనిమిదిన్నర బస్తాలు, 52 ఘనపుటడుగుల ఇసుక.

ఇప్పుడు కాంక్రీటు చూడండి. నేల కింద మూడడుగులు కలుపుకుని 11 పిల్లర్లకి 1.4 ఘనపు మీటర్లు, 9×9 అంగుళాల ప్లింత్ బీమ్‌కి ఇంచుమించు 1.5. ఎం20 గ్రేడు నామినల్ మిక్స్‌లో (పాళ్లు కొలిచి కలిపే కాంక్రీటులో) ఘనపు మీటరుకి ఎనిమిది బస్తాలు వేసుకున్నా 23 బస్తాలు. ఫుటింగులు (పిల్లర్ల పునాదులు), ఇనుము, సెంట్రింగ్ (కాంక్రీటు పోసే అచ్చు) ఇంకా కలపనే లేదు. సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఎం20 చాలదు. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 కనీసం ఎం30 గ్రేడు, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ అడుగుతుంది. బ్లాకు మీద రూపాయి తగ్గించడానికి బేరమాడి పిల్లర్ల సంగతి చూడకపోతే అంచనా అక్కడే బోల్తా కొడుతుంది.

అపోహ: పిల్లర్ల దూరం పెంచితే ఖర్చు కలిసొస్తుంది, గోడేగా!

కట్టడాలపై గాలి భారం చెప్పే భారతీయ కోడ్‌లో విశాఖకు మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు అడుగుకి దాదాపు 14 కిలోల ఒత్తిడి. గోడ ఎత్తు, పరిసరాలను బట్టి డిజైన్‌లో కొంత తగ్గుతుంది కానీ, మన ఖానా ఒక్కటే 46 చదరపు అడుగులు. 650 కిలోలు పక్కనుంచి నెట్టినట్టు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది ఇక్కడే. పది అడుగుల దూరాన్ని పదిహేను చేసి మిగిల్చిన డబ్బు ఒక్క తుపానుకి పోతుంది. నాలుగంగుళాల బ్లాకుకు మారడం కూడా అలాంటి పొదుపే.

అపోహ: ఇటుకలాగే బ్లాకుల్నీ బాగా నానబెట్టాలి.

మట్టి ఇటుకకి నానబెట్టడం సరైనదే. కాంక్రీటు బ్లాకు మాత్రం తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. నానిన బ్లాకుతో కట్టిన గోడ ఎండాక జాయింట్ల వెంట మెట్లు మెట్లుగా పగుళ్లు చూపిస్తుంది. ఎండ మండిపోతుంటే అతికే ముఖాన్ని కాస్త తడి చేస్తే చాలు. పద్నాలుగు రోజుల క్యూరింగ్ (నీళ్లతో తడుపుతూ ఉంచడం) అయ్యాక, పోసి 28 రోజులు దాటిన, ఆరిన బ్లాకే కట్టుబడికి తీసుకోవాలి. చెయ్యి పెడితే చల్లగా, నల్లగా చెమ్మతో ఉన్న సరుకు లారీలో వస్తే దించనివ్వకండి.

సిమెంటు పాలు పెంచి 1:3 కలిపితే గోడ గట్టిపడుతుందనుకోవడం కూడా పొరపాటే. మాలు బ్లాకుకన్నా మెత్తగా ఉండాలి. అప్పుడు పగులు వచ్చినా జాయింటులో వస్తుంది, పూడ్చుకోవచ్చు. మాలు గట్టిదైతే బ్లాకే చీలుతుంది.

అపోహ: ఇసుక ఉచితమేగా, అంచనాలో రాయక్కర్లేదు.

2024 జులై నుంచి రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం ఉంది. లోడింగు, రవాణా మాత్రం మన జేబులోంచే. వంశధార, నాగావళి నుంచి నగరం దాకా లారీ కిరాయే ప్రధాన ఖర్చు. పైగా ఇసుక తడిగా ఉంటే పొంగి ఎక్కువ కనిపిస్తుంది. గాజు సీసాలో 20 సెంటీమీటర్ల ఎత్తు తడి ఇసుక పోసి, నీళ్లు నిండా పోసి కలపండి. అది 16కి దిగితే పాతిక శాతం పొంగు ఉన్నట్టు. ట్రక్కు కొలతలోనూ, మాలు కొలతలోనూ ఆ మేరకు కలుపుకోవాలి. గమేళాలతో (తట్టలతో) కాకుండా 35×25×40 సెంటీమీటర్ల పెట్టెతో కొలిస్తే ఒక పెట్టె సరిగ్గా ఒక బస్తా సిమెంటుకు సమానం. బీచ్ ఇసుక జోలికి వెళ్లనే వద్దు, అందులోని ఉప్పు పిల్లర్ల ఇనుమును తినేస్తుంది.

కూలి మాట్లాడేటప్పుడు చదరపు అడుగు రేటులో పిల్లర్లు, కోపింగ్, ప్లాస్టరింగ్ కలిశాయా లేదా కాగితం మీద రాయించుకోండి. ప్లాస్టరింగ్ ఒక వైపు కొలతా, రెండు వైపులా అన్నదీ రాయాలి.

ఇక బరువు. ఈ సైజు సాలిడ్ బ్లాకు ఒక్కోటి పాతిక కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, 515 బ్లాకులంటే 13 టన్నులు. ఆరిలోవ, సింహాచలం కొండవాలు ఇళ్ల దగ్గరికి లారీ ఎక్కదు. కింద దింపి, చిన్న బండిలోనో తలమీదనో పైకి చేర్చాలి. ఆ మోతకూలీ బ్లాకుకింత అని ముందే మాట్లాడుకుని, బ్లాకు ధర పక్కనే వేరే పద్దుగా రాసుకోవాలి.