ఎసట్లో ఏ నీళ్లు పోస్తున్నాం?

నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు వైపు ఇప్పుడు తాగడానికి నల్లా నీళ్లో, ఫిల్టరు క్యాను నీళ్లో వాడే ఇళ్లలో సైతం కొన్నిచోట్ల అన్నం, పప్పు, చాయ్ మాత్రం బోరు నీళ్లతోనే అవుతుంటాయి. ఆరోగ్యపు అలవాట్లంటే నడక, నిద్ర, వ్యాయామం గుర్తుకు రావడం సహజమే గాని, ఈ ప్రాంతంలో వాటికంటే ముందు అడగవలసింది ఎసట్లో ఏ నీళ్లు పోస్తున్నారనే. ఎందుకంటే ఇక్కడి బోరు నీళ్లలో చాలాచోట్ల ఎముకలనూ పళ్లనూ దెబ్బతీసేంత ఫ్లోరైడ్ ఉంటుంది.

ఇక్కడి నేల కింద ఉన్నవి గ్రానైటు రాళ్లు. వాటిలోని అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్లలో నీరు ఏళ్ల తరబడి నిలిచినకొద్దీ అది ఫ్లోరైడ్‌గా కరిగి నీటిలో చేరుతుంది. కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీటిలో ఇది మరింతగా జరుగుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములను హద్దుగా పెట్టింది. అది దాటిందో లేదో నాలుకకు తెలియదు, కంటికి కనిపించదు. పరీక్ష చేయించవలసిందే.

కాచిన నీళ్లు మంచివన్న మాట క్రిముల మేరకు నిజం. ఫ్లోరైడ్ ఆవిరైపోయేది కాదు కాబట్టి, నీరు ఇగిరినకొద్దీ మిగిలినదాంట్లో దాని గాఢత పెరుగుతుంది. ఎసరంతా పీల్చుకున్న అన్నంలోకి, చిక్కగా ఉడికిన పప్పులోకి అది నేరుగా చేరుతుంది. చాయ్ సంగతి ఇంకొంచెం ఇబ్బందికరం. తేయాకు మొక్క మట్టిలోని ఫ్లోరైడ్‌ను తన ఆకుల్లో దాచుకుంటుంది. రోజుకు నాలుగైదు చాయ్‌లు తాగేవారికి ఈ మాట రుచించదని తెలుసు.

శరీరంలో చేరిన ఫ్లోరైడ్‌లో కొంత మూత్రంలో పోతుంది, మిగిలిపోయినదాంట్లో దాదాపు అంతా ఎముకల్లో, పళ్లలో నిలుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ కీళ్ల చుట్టూ ఎముకలను కలిపి ఉంచే బంధనాలు గట్టిపడి నడుము, మెడ వంగవు. పిల్లల్లో పళ్ల ఎనామెల్ తయారయ్యే దశలోనే, అంటే దాదాపు ఎనిమిదేళ్లలోపే, గారమచ్చలకు కారణం ఏర్పడుతుంది. ఆ తరువాత ఏ ఆహారమూ వాటిని తుడవలేదు.

అయినా వంటింటి సాయం కొంత ఉంది. భోజనంతో పాటు పెరుగు, రాగులు, ఆకుకూరలు తింటే అందులోని కాల్షియం పేగుల్లోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచి, రక్తంలోకి చేరకుండా చూస్తుంది. చింతపండు తిన్నప్పుడు మూత్రం ద్వారా పోయే ఫ్లోరైడ్ పెరిగిందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పిల్లలలో గమనించారు. అందువల్ల పచ్చిపులుసుకు నేను ఓటు వేస్తాను, కాని దాన్ని మందుగా చెప్పను. నీరు మారకుండా తిండి ఒక్కటే కాపాడలేదు.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పేరే పెట్టింది. మామూలు క్యాండిల్ ఫిల్టరుకు ఆ శక్తి లేదు; ఆర్‌వో యంత్రానికి ఉంది. మంచినీళ్లు రోజూ కొద్దిగానే దొరికే ఇంట్లో వాటిని తాగడానికి, వంటకు, చాయ్‌కి కేటాయించి, స్నానానికి, బట్టలకు, అంట్లకు బోరు నీళ్లు వాడుకోవచ్చు. చర్మం గుండా ఫ్లోరైడ్ లోపలికి పోయేది నామమాత్రమే.