ఆరో వంతు గాలికే వెనక్కి ఎందుకు?

గుహ డైవింగ్, అంటే నీళ్లు నిండిన గుహల్లో ఈదడం, కొత్తగా నేర్చుకునేవాళ్లు విసుక్కునేది ఒక లెక్క దగ్గర. జంట సిలిండర్లలో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) గాలితో దిగితే, గేజి ముల్లు 167 దగ్గరికి రాగానే వెనక్కి తిరగాలి. అంటే ఆరో వంతు ఖర్చయ్యేసరికి ఆ రోజుకు ముందుకెళ్లడం అయిపోయినట్టే.

దీనికంటే పాతది మూడో వంతు సూత్రం. ఒక వంతు గాలి లోపలికి పోవడానికి, ఒకటి బయటికి రావడానికి, ఇంకొకటి జతగా వచ్చిన మనిషికి. బాగా లోపలికి వెళ్లాక అతడి గాలి మొత్తం పోయినా, మన దగ్గరున్న రెండు వంతులతో ఇద్దరూ బయటపడొచ్చు. కాగితం మీద చక్కగా సరిపోతుంది. కానీ కంగారు పడ్డ మనిషి గబగబా పీలుస్తాడు. కాలికి తొడిగిన ఫిన్ తగిలి అడుగు మట్టి లేచిందంటే మన చెయ్యి మనకే కనిపించదు, బయటికి దారి చూపే తాడు తడుముకుంటూ రావడానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేం. అందుకే కొత్తవాళ్ల వాటాను సగానికి కోశారు. పక్క సొరంగాల్లోకి వెళ్లొద్దు, ప్రధాన తాడు వదలొద్దు అనే నిబంధనలు కూడా అలా వచ్చినవే.

స్కూబా పరికరాలు అందుబాటులోకి వచ్చాక, 1960ల్లో అమెరికాలోని ఫ్లోరిడా ఊటల్లో గుహల్లోకి వెళ్లినవాళ్లు వరసగా చనిపోయారు. అందులో సముద్రంలో డైవింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్లూ ఉన్నారు. 1968లో నేషనల్ అసోసియేషన్ ఫర్ కేవ్ డైవింగ్ పుట్టింది. 1979లో అమెరికన్ గుహ డైవర్ షెక్ ఎక్స్‌లీ ప్రమాదాలను ఒక్కొక్కటిగా విప్పి చూసి, మూడు తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయన్నాడు: బయటిదాకా తాడు లేకపోవడం, తిరుగు ప్రయాణానికి గాలి మిగుల్చుకోకపోవడం, మరీ లోతుకు పోవడం. శిక్షణ, లైట్లు ఆ జాబితాలో తర్వాత చేరాయి.

లైట్ల మీద ఫ్లోరిడాలో ఒక తమాషా నిబంధన ఉంది. కొన్ని ఊటల్లో గుహ శిక్షణ లేనివాళ్లు అసలు లైటు తీసుకెళ్లకూడదు. చీకట్లోకి ఎవరు మాత్రం వెళ్తారు! ముఖద్వారం దగ్గర కొడవలి పట్టుకున్న మృత్యువు బొమ్మతో పెట్టిన హెచ్చరిక బోర్డు కంటే ఇదే బాగా పనిచేస్తుందని నాకనిపిస్తుంది.

పరికరాల సర్టిఫికెట్ సంగతి వేరు. యూరప్‌లో రెగ్యులేటర్లను (సిలిండర్ గాలిని పీల్చుకోవడానికి వీలుగా నోటికి అందించేవి) ఈఎన్ 250 ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు: 50 మీటర్ల లోతుకు సమానమైన ఒత్తిడిలో, నిమిషానికి 62.5 లీటర్ల గాలి లాగుతూ. అమెరికాలో సిలిండర్లకు మామూలుగా అయిదేళ్లకోసారి ప్రెషర్ టెస్టు చేయిస్తారు. ముద్ర పడింది విడి భాగానికి. ఇరుకు సొరంగంలో ఒకరి వెనక ఒకరు వస్తూ గాలి పంచుకోవడానికి ఏడడుగుల గొట్టం ఉందా, ఒక రెగ్యులేటర్ మొరాయిస్తే రెండోది చేతికందుతుందా, మూడు లైట్లున్నాయా అనేవి ఆ ముద్ర చెప్పదు. అవి ఇన్‌స్ట్రక్టర్ చూసుకోవాలి.

గాలి పంచుకునే సాధన కూడా మొదట నేల మీదే. చెట్ల మధ్య తాడు కట్టి, విద్యార్థులను కళ్లు మూసుకోమంటారు. ఒక చెయ్యి తాడు మీద, ఇంకో చెయ్యి ముందున్నవాడి మీద, నోట్లో అతడి ఏడడుగుల గొట్టం. అలా అడుగులో అడుగు వేసుకుంటూ ఆ చివరిదాకా నడవాలి.