తుపాకీ కొనాలంటే: ఒక నర్సు వాదన, దాని వెనక కథ

1993 డిసెంబర్ 7 సాయంత్రం న్యూయార్క్ నుంచి లాంగ్ ఐలాండ్ వైపు వెళ్తున్న రైల్లో ఒకడు సీట్లోంచి లేచి, వరసగా కాల్చుకుంటూ నడిచాడు. ఆరుగురు చనిపోయారు, 19 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో క్యారొలిన్ మెకార్తీ అనే నర్సు భర్త ఉన్నారు. కొడుకు తలకు తూటా తగిలినా బతికి బయటపడ్డాడు.

ఆ పిస్టల్ దొంగసరుకు కాదు. కాలిఫోర్నియాలో ఓ దుకాణంలో, అక్కడి రూలు ప్రకారం 15 రోజులు ఆగి మరీ కొన్నాడు. ప్రయాణికులు అతన్ని పట్టుకోగలిగింది మ్యాగజైన్ (తూటాల డబ్బా) మార్చుకుంటున్న ఆ కాసేపట్లోనే. ఒక్కో మ్యాగజైన్‌లో 15 తూటాలు పడతాయి. పది మాత్రమే పట్టేట్టుంటే అతను ఇంకా ముందే ఆగాల్సి వచ్చేది. పెద్ద మ్యాగజైన్లు అమ్మకూడదన్న మెకార్తీ వాదనకు మూలం ఈ లెక్కే.

అమెరికాలో తుపాకీ కొనుగోలు చట్టాల చరిత్ర చూస్తే ఒకటి కనిపిస్తుంది. ఎక్కడ కన్నం పడిందో సరిగ్గా అక్కడే అతుకు వేస్తూ వచ్చారు. 1963లో అధ్యక్షుడు కెనెడీని చంపిన రైఫిల్ పోస్టులో వచ్చింది. ఓ పత్రికలోని ప్రకటన చూసి, దొంగ పేరుతో కూపన్ నింపి, 21 డాలర్ల 45 సెంట్లు పంపితే డల్లాస్‌లోని పోస్టాఫీసు బాక్సుకు చేరింది. అలా పోస్టులో రాష్ట్రాలు దాటించి అమ్మడం ఆపడానికి ఐదేళ్లు పట్టింది. 1968 చట్టం వచ్చేలోగా మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ కూడా తుపాకీకి బలయ్యారు. నేరస్తులకు అమ్మకూడదని ఆ చట్టం చెప్పింది గానీ, కొనేవాడు ఫారంలో ‘నేను నేరస్తుణ్ణి కాను’ అని రాస్తే, అది నిజమో కాదో చూసే ఏర్పాటు దేశమంతటికీ లేదు.

1981లో అధ్యక్షుడు రీగన్ మీద జరిగిన కాల్పుల్లో ఆయన ప్రెస్ సెక్రటరీ జేమ్స్ బ్రేడీ తలకు తూటా తగిలింది. ఆయన పేరు పెట్టిన చట్టం మీద క్లింటన్ సంతకం చేసింది 1993 నవంబర్ 30న, అంటే రైలు ఘటనకు సరిగ్గా వారం ముందు. ఆ చట్టం వల్ల 1998 నుంచి లైసెన్సున్న డీలర్ అమ్మే ప్రతి తుపాకీకీ ముందు కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ రికార్డుల్లో వెతకడం మొదలైంది. అయితే డీలర్ కాని మామూలు మనిషి అమ్మితే ఆ చట్టం ప్రకారం ఈ చెక్ అక్కర్లేదు. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే డీలర్ కూడా అమ్మేయవచ్చు.

1994లో పది తూటాలకు మించి పట్టే మ్యాగజైన్లను కొత్తగా తయారుచేసి అమ్మడాన్ని పదేళ్లపాటు నిషేధించారు. ఆ నిషేధాన్ని ఎత్తేయాలని 1996లో మెకార్తీ నియోజకవర్గం నుంచి ప్రతినిధుల సభకు గెలిచిన సభ్యుడే ఓటేశాడు. ఆమెకు ఒళ్లు మండింది. రిపబ్లికన్ ఓటరుగా ఉన్న మనిషి డెమొక్రాట్‌గా పోటీ చేసి అతన్నే ఓడించింది. 18 ఏళ్లు సభలో ఉంది.

అన్నేళ్లలో ఆమెకు దక్కిన పెద్ద విజయం తుపాకీ హక్కుల సంఘం ఎన్‌ఆర్‌ఏ ఒప్పుకున్న బిల్లే కావడం విచిత్రం. 2007లో వర్జీనియా టెక్ యూనివర్సిటీలో 32 మందిని చంపినవాడు మానసిక రోగంతో తనకు తానే ప్రమాదమని అంతకుముందే కోర్టు తేల్చింది. ఆ కబురు ఎఫ్‌బీఐ కంప్యూటర్‌కు మాత్రం అందలేదు. రాష్ట్రాలు అలాంటి రికార్డులు పంపేలా మెకార్తీ తెచ్చిన బిల్లు 2008 జనవరిలో చట్టమైంది. మ్యాగజైన్ల నిషేధమేమో 2004లోనే గడువు తీరి పోయింది, మళ్లీ రాలేదు. 2013లో గన్ షోల్లో (తుపాకుల సంతల్లో), ఆన్‌లైన్‌లో జరిగే అమ్మకాలకూ ఎఫ్‌బీఐ చెక్ తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదనకు సెనేట్‌లో 54 ఓట్లు వచ్చాయి. కావలసింది 60.

ఆమె 2015 జనవరిలో దిగిపోయింది. ఆ జూన్‌లో ఛార్లెస్టన్ చర్చిలో తొమ్మిది మంది హతమయ్యారు. హంతకుడి చెక్ మూడు రోజుల్లో తేలలేదు, దాంతో డీలర్ అమ్మేశాడు. అసలు ఆ అమ్మకం జరగాల్సింది కాదని తర్వాత ఎఫ్‌బీఐ డైరెక్టరే ఒప్పుకున్నాడు. 2022లో యువాల్డే బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయాక, అవసరమైతే చెక్ గడువును పది పనిదినాలకు పెంచే చట్టం వచ్చింది, అదీ 21 ఏళ్లలోపు వాళ్లు కొంటేనే. ఛార్లెస్టన్ హంతకుడికి తుపాకీ కొనే నాటికే 21 నిండాయి.