సిహానుక్‌విల్: ఖాళీ అయిన జూదపు గదుల్లోకి విశాఖ కుర్రాళ్లు

2024 మే నెలలో కంబోడియాలోని సిహానుక్‌విల్‌లో మూడొందల మంది దాకా భారతీయులు తమని బంధించినవాళ్ల మీద తిరగబడ్డారని వార్త వచ్చింది, గుర్తుందా? వాళ్లలో చాలామంది విశాఖ వైపు కుర్రాళ్లే. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు డబ్బు కట్టించుకుని పంపితే, అక్కడ పాస్‌పోర్టు లాక్కుని ఆన్‌లైన్‌లో జనాన్ని మోసం చేసే పనిలో కూర్చోబెట్టారు. మన దగ్గర దీన్ని సైబర్ నేరంగానే చూశారు. నన్నడిగితే ఇది ముందు కాసినోల కథ, ఆ తర్వాతే సైబర్ నేరం.

ఊరికి పెద్ద చరిత్రేం లేదు. ఫ్రెంచి పాలన పోయాక మెకాంగ్ నది సముద్రంలో కలిసే ప్రాంతం దక్షిణ వియత్నాం చేతిలో ఉండిపోయింది, అందుకని కంబోడియా 1950ల్లో తనకంటూ ఒక రేవు కట్టుకుని తమ నాయకుడు సిహానుక్ పేరు పెట్టుకుంది. యుద్ధాలు, ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలన గడిచాక అది తక్కువ ఖర్చుతో తిరిగే విదేశీ టూరిస్టుల బీచ్ అయింది.

జూదం విషయంలో కంబోడియా పద్ధతి విచిత్రం. 1996 చట్టం ప్రకారం ఆ దేశ పౌరులు ఆడకూడదు, కానీ లైసెన్సుతో కాసినో పెట్టి విదేశీయుల చేత ఆడించొచ్చు. రాజధాని నామ్‌పెన్ చుట్టూ 200 కిలోమీటర్ల మేర నాగావరల్డ్‌ అనే కాసినో నడిపే కంపెనీకే హక్కు రాసిచ్చారు గానీ, అందులోంచి సిహానుక్‌విల్‌ని మినహాయించారు. సందు దొరికింది.

ఆ సందులోకి 2016, 17 నుంచి చైనా డబ్బు వరదలా వచ్చింది. చైనాలో మకావు తప్ప ఎక్కడా కాసినోలకు అనుమతి లేదు, మకావు మీద కూడా ప్రభుత్వం కన్నేసి ఉంచుతోంది. ఇక్కడైతే లైసెన్సు తేలిక, పైగా ఆన్‌లైన్ ఆట నడుపుకోవచ్చు: బల్ల దగ్గర పేక పంచే మనిషి, ఎదురుగా కెమెరా, ఆడేవాడేమో చైనాలో తన ఇంట్లో ఫోన్ పట్టుకుని. హాల్లో జనం ఉన్నా లేకపోయినా అసలు వ్యాపారం కంప్యూటర్ల ముందు కూర్చున్న కుర్రాళ్లతోనే నడిచేది, వాళ్లు అక్కడే తిని, అక్కడే పడుకుని, షిఫ్టుల్లో పని చేసేలా గోడలు, గేట్లు, సెక్యూరిటీతో కాంపౌండ్లు లేచాయి. అద్దెలు ఎంత పెరిగాయంటే స్థానికులే ఊరు వదలాల్సి వచ్చింది. ధరలు, నేరాలు పెరిగిపోతున్నాయని 2018 జనవరిలో అక్కడి గవర్నరే హోం శాఖకు లేఖ రాశాడు.

2019 జూన్ 22న కడుతున్న ఏడంతస్తుల భవనం ఒకటి కూలి, లోపలే పడుకున్న కూలీలు 28 మంది చనిపోయారు. గవర్నర్ పదవి పోయింది. ఆగస్టు 18న ప్రధాని హున్ సేన్ ఆన్‌లైన్ జూదానికి కొత్త లైసెన్సులు ఇవ్వొద్దని, ఉన్నవాటిని పొడిగించొద్దని ఆదేశమిచ్చాడు. దీని వెనుక చైనా ఒత్తిడి ఉందని చాలామంది విశ్లేషకుల మాట, బీజింగ్ అయితే బహిరంగంగానే మెచ్చుకుంది. కొన్ని నెలల్లోనే లక్షకు పైగా చైనీయులు వెళ్లిపోయారు, పైనుంచి కోవిడ్ వచ్చి సరిహద్దులు మూసేసింది.

భవనాలు, ఇంటర్నెట్ లైన్లు, గేటు దగ్గర కాపలా, చూసీచూడనట్టు వదిలేసే అధికారులు మాత్రం అక్కడే ఉన్నారు. ఆన్‌లైన్ జూదానికి కావలసిన సరంజామాతో ఆన్‌లైన్ మోసం కూడా నడుస్తుంది, కాకపోతే చైనా నుంచి మనుషులు రాకపోయేసరికి ఏ దేశం వాళ్లయినా సరే అనుకున్నారు. కంబోడియాలో సుమారు లక్షమందితో బలవంతంగా ఇలాంటి పని చేయిస్తున్నారని అంచనాలున్నట్టు 2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం చెప్పింది.

విశాఖ కుర్రాళ్ల వార్తల్లో వినిపించిన కాంపౌండ్ పేరు జిన్‌బెయ్. అదే పేరుతో ఆ ఊళ్లో కాసినో హోటల్ ఉంది. 2025 అక్టోబరులో అమెరికా, బ్రిటన్ కలిసి ఇలాంటి మోసాలు నడుపుతోందంటూ కంబోడియా వ్యాపార సంస్థ ప్రిన్స్ గ్రూప్ మీద ఆంక్షలు పెట్టినప్పుడు ఆ జాబితాలో జిన్‌బెయ్ గ్రూప్‌నీ చేర్చాయి. మన దగ్గర మాత్రం పోలీసులకు దొరికింది మనుషుల్ని పంపిన ఏజెంట్లే. అటు సిహానుక్‌విల్‌లో సగంలో ఆగిన వందల భవనాలను పూర్తి చేసేవాళ్లకు కంబోడియా ప్రభుత్వం 2024లో పన్ను రాయితీలు ప్రకటించింది.